కపట మిత్రులు (భాషాశాస్త్రం)

రెండు భాషల్లో ఒకే అక్షరక్రమంతో, లేదా దాదాపు అదే రూపంతో కనిపిస్తూ వేర్వేరు అర్థాలిచ్చే పదాలు. మాక్సిమ్ కెస్లర్, జూల్ దెరోకిన్యీ 1928లో వెలువరించిన ఫ్రెంచి పుస్తకంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

అన్నిటిలోకీ ఆసక్తికరమైనది ‘గిఫ్ట్’. ఇంగ్లీషులో కానుక, జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో విషమూ, పెళ్ళయినవారూ కూడా. మూలం ఒక్కటే: ‘ఇవ్వడం’. జర్మన్‌లో అది ‘ఇచ్చే మందు మోతాదు’గా మారి, క్రమంగా విషానికి పేరైంది. పాత అర్థం మాత్రం కట్నాన్ని సూచించే ‘మిట్‌గిఫ్ట్’లో నేటికీ సజీవంగా ఉంది. అర్థం ఇంత దూరం నడిచిన దాఖలాను ఒక్క మాటలో చూడగలగడం అరుదు.

కొన్ని జంటలకు చుట్టరికమే లేదు. ‘బుర్రో’ ఇటాలియన్‌లో వెన్న, స్పానిష్‌లో గాడిద. రెండూ వేర్వేరు లాటిన్ మాటల నుంచి పుట్టి, కాకతాళీయంగా ఒకే రూపానికి చేరాయి.