ఓ టెస్టూ, రేపు రా!

చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక వేసవిలో తలుపుల మీద సుద్దముక్కతోనో, బొగ్గుతోనో "ఓ స్త్రీ రేపు రా" అని రాశారు. రాత్రిళ్ళు తిరిగే దయ్యం తలుపు కొట్టబోయి, అది చదివి, సరే రేపొద్దాంలే అని వెళ్ళిపోతుందిట. మర్నాడు వచ్చినా అదే రాత, మళ్ళీ వెనక్కి. దయ్యానికి చదువొచ్చు గానీ లెక్కలు రావన్నమాట. చాలా ఏళ్ళ తరవాత నేనూ ఒక తలుపు మీద అదే మాట రాశాను. కాకపోతే జావాలో.

యూనిట్ టెస్టు విరుగుతుంది, రిలీజు దగ్గర పడుతుంది, ఎవరో ఒకరు "ప్రస్తుతానికి స్కిప్ చేసెయ్, తరవాత చూద్దాం" అంటారు. ఈ సీను మనలో చూడనివాళ్ళు ఉండరు. అయితే ఈ "ప్రస్తుతానికి" అనే మాట మన టూల్స్‌లోకి ఎలా వచ్చిందన్న దానికో చరిత్ర ఉంది. అది తవ్వుతుంటే నాకు తెలిసొచ్చిందేమిటంటే, నడపకుండా పడుకోబెట్టిన టెస్టు వేరు, ఫెయిలవుతుందని తెలిసీ రోజూ నడిపే టెస్టు వేరు. నాకు చాలాకాలం మొదటిదే తెలుసు.

జేయూనిట్ పుట్టుక కథ చాలామంది వినే ఉంటారు. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా ఇద్దరూ అట్లాంటాలో జరుగుతున్న ఊప్స్లా సదస్సుకి జ్యూరిక్ నుంచి విమానంలో వెళ్తూ, ఊసుపోక దాని మొదటి రూపం రాసేశారు. బెక్ అంతకు ముందే స్మాల్‌టాక్‌లో చేసిన ఎస్‌యూనిట్‌కి ఇది జావా తమ్ముడు. అందులో ఉన్నవి రెండే రంగులు. బారు పచ్చగా ఉందా, ఎర్రగా ఉందా, అంతే. ఎర్రగా ఉంటే కూర్చుని బాగుచెయ్యాలి. "కొంచెం ఎరుపు, కానీ పర్లేదు" అనే మాటకి అందులో చోటే పెట్టలేదు. ఉద్దేశం గొప్పదే. కానీ మనుషులు తలుపు లేని చోట కిటికీ వెతుక్కుంటారు కదా.

అప్పటి జేయూనిట్ 3లో పేరు "టెస్ట్" అని మొదలయ్యే మెథడ్‌నే టెస్టుగా గుర్తించేవాళ్ళు. అంచేత ఫెయిలయ్యే దాని పేరు ముందు ఒక ఎక్స్ తగిలిస్తే చాలు, అది టెస్టు కాకుండా పోయేది. రిపోర్టులో ఎక్కడా కనపడదు, కౌంటు ఒకటి తగ్గుతుంది, అది ఎవరూ చూడరు. ఇంకొందరు ఏకంగా కామెంట్ చేసేవాళ్ళు. క్లాసులో ఉన్న చివరి టెస్టుని కూడా కామెంట్ చేస్తే మాత్రం జేయూనిట్ ఊరుకునేది కాదు, ఇందులో టెస్టులే లేవంటూ ఫెయిల్ చూపించేది. దానికీ మందు కనిపెట్టారు మనవాళ్ళు. "టెస్ట్ నథింగ్" అని ఒక ఖాళీ మెథడ్! పాత ప్రాజెక్టుల్లో ఇవి ఎన్ని చూశానో. సమాధి మీద పెట్టిన రాయి లాంటివి.

మావెన్ వచ్చాక పని ఇంకా సుళువైంది. కమాండ్ లైన్‌లో ఒక ఫ్లాగు ఇస్తే మొత్తం టెస్టులన్నీ ఎగిరిపోతాయి. దాని సంగతి వదిలేద్దాం, అదో పెద్ద పురాణం.

అధికారికంగా "పక్కన పెట్టాం" అని చెప్పుకునే వీలు డాట్‌నెట్ వాళ్ళకి ముందు దొరికింది. 2002లో ఎన్‌యూనిట్ 2 "ఇగ్నోర్" అనే ఆట్రిబ్యూట్‌తో, ఎరుపు పచ్చల మధ్య ఒక పసుపు రంగుతో వచ్చింది. జావా 5లో అనొటేషన్లు వచ్చాక, 2006లో జేయూనిట్ 4 కూడా ఇగ్నోర్ తెచ్చింది. పేరు ముందు ఎక్స్ పెట్టడం కన్నా ఇది వందరెట్లు నయం, ఎందుకంటే కనీసం కౌంటు కనపడుతుంది. కారణం రాయడానికి ఒక స్ట్రింగ్ కూడా ఇచ్చారు. కానీ అది రాసినా రాయకపోయినా ఒకటే. 2017లో వచ్చిన జేయూనిట్ 5 ఇగ్నోర్‌ని "డిజేబుల్డ్" అని మార్చింది గానీ, కారణాన్ని మాత్రం తప్పనిసరి చెయ్యలేదు. ఎన్‌యూనిట్ వాళ్ళు మాత్రం 2015లో మూడో వెర్షన్‌కి వచ్చేసరికి కారణం లేని ఇగ్నోర్ కుదరదన్నారు. పదమూడేళ్ళు పట్టింది. ఎంతమంది ఎంత విసిగిస్తే ఆ నిర్ణయం తీసుకున్నారో!

అసలు తమాషా ఏమిటంటే, ఈ సమస్యకి ఇంతకన్నా మంచి పరిష్కారం అప్పటికే వేరే పేటలో ఉంది. 1990ల మొదట్లో సిగ్నస్ అనే కంపెనీలో రాబ్ సవోయ్ డెజాగ్నూ అనే టెస్టింగ్ చట్రం తయారుచేశాడు. జీసీసీ, జీడీబీ టెస్టులు నడిచేది దాని మీదే. పోసిక్స్ ప్రమాణం ప్రకారం టెస్టు ఫలితం పాస్, ఫెయిల్ రెండే కాదు. ఎటూ తేలలేదు, టెస్టు ఇంకా రాయలేదు, ఈ మెషీన్‌లో ఆ సదుపాయం లేదు అని ఇంకో మూడు ఉన్నాయి. డెజాగ్నూ వాటికి ఎక్స్‌ఫెయిల్ అని ఒకటి చేర్చింది. అంటే ఇది ఫెయిలవుతుందని మాకు తెలుసు అని. టెస్టు మాత్రం రోజూ నడుస్తుంది. ఏ రోజైనా పాసయిందా, ఎక్స్‌పాస్ అని అరుస్తుంది. తరవాత ఇందులోనే ఇంకో మెలిక పెట్టారు. తప్పు చుట్టూ ఉన్న వాతావరణానిదైతే ఎక్స్‌ఫెయిల్, మన కోడ్‌దే అయితే కేఫెయిల్. ఈ రెండో దానికి బగ్ నంబరు ఇవ్వాలి. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, నా కథలో పనికొస్తుంది.

పెర్ల్ వాళ్ళు కూడా ఇదే దారి. 2001 ప్రాంతంలో మైకేల్ ష్వెర్న్ రాసిన టెస్ట్ మోర్ మాడ్యూల్‌లో స్కిప్, టూడూ అని రెండు వేర్వేరుగా ఉంటాయి. నడిపే వాడి మెషీన్‌లో కుదరకపోతే స్కిప్. రాసినవాడు ఇంకా బాగుచెయ్యకపోతే టూడూ. టూడూ నడుస్తుంది, ఫెయిలైతే బిల్డు ఆగదు, పాసయితే మాత్రం చెప్తుంది.

జావా వాళ్ళకి తట్టనిది వీళ్ళకి ముందే ఎలా తట్టింది? నాకనిపించేది ఇది. జీసీసీ టెస్టులు నానారకాల ప్రాసెసర్ల మీద నడవాలి. సీపాన్ నుంచి పెర్ల్ మాడ్యూల్ దించుకుంటే దాని టెస్టులు ముక్కూమొహం తెలియనివాడి మెషీన్ మీద నడుస్తాయి. అక్కడ "మా టీముకి తెలుసులే" అంటే కుదరదు. జేయూనిట్ ఒకే గదిలో కూర్చునే టీము కోసం పుట్టింది. అడిగితే పక్క సీటువాడు చెప్తాడు. ఆ పక్క సీటువాడు ఆర్నెల్లకో కంపెనీ మారతాడని ఆ విమానంలో ఎవరికి గుర్తొస్తుంది :)

ఇక నా ఘనకార్యం. 2009 ప్రాంతం, హైదరాబాదులో ఒక ఆఫ్‌షోర్ ప్రాజెక్టు. క్లయింటు లండన్, పని బిల్లింగ్. రాత్రి రెండింటికి బిల్డు నడిచేది. ఒక టెస్టు నెలకోసారి, సరిగ్గా ఒకటో తారీకున ఫెయిలయ్యేది. పొద్దున్న వచ్చి మళ్ళీ నడిపితే పాస్. మూడు నెలలు చూసి కారణం పట్టుకున్నాను. కోడ్ నెలని యూటీసీలో లెక్కేస్తోంది, టెస్టు మా మెషీన్ టైములో లెక్కేస్తోంది. ఒకటో తారీకు రాత్రి రెండంటే యూటీసీలో ఇంకా ముప్ఫయ్యో ముప్ఫయ్యొకటో, రాత్రి ఎనిమిదిన్నర. ప్రొడక్షన్ ఎలాగూ లండన్‌లో ఉంది కాబట్టి తప్పు టెస్టుదే, మా ఐఎస్‌టీ మెషీన్‌దే అని తేల్చి ఇగ్నోర్ పెట్టాను. కారణం కూడా రాశాను లెండి, "టైమ్ జోన్ ఇష్యూ, తరవాత చూడాలి" అని.

రెండేళ్ళకి క్లయింటు సింగపూర్‌లో బ్రాంచి తెరిచాడు. అక్కడ ఒకటో తారీకు అర్ధరాత్రి నుంచి పొద్దున్న ఎనిమిది దాకా జరిగిన లావాదేవీలన్నీ పోయిన నెల బిల్లులో పడ్డాయి. ఆలోచిస్తే లండన్‌లో కూడా ఎండాకాలం గడియారం ఒక గంట ముందుకి జరిపినప్పుడల్లా అర్ధరాత్రి తరవాత గంటసేపు ఇదే జరుగుతూ ఉండాలి. ఆ గంటలో లావాదేవీలు తక్కువ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కొత్తగా చేరిన కుర్రాడు వెతికి వెతికి ఆ టెస్టు పట్టుకుని, నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, దీన్ని ఇగ్నోర్ చేసింది ఎవరని చూస్తే మీ పేరు వస్తోంది" అన్నాడు. పాపం, తనే ఏదో తప్పు చేసినట్టు మెల్లిగా అన్నాడు.

డెజాగ్నూ భాషలో చెప్పాలంటే కేఫెయిల్‌ని నేను ఎక్స్‌ఫెయిల్ అనుకున్నాను. టెస్టుదే తప్పనుకోవడం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మాత్రమే ఉన్న జబ్బు కాదు. హబుల్ టెలిస్కోపు 2.4 మీటర్ల అద్దం తయారీలో వాడిన ప్రధాన కొలత పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు పక్కకి ఉండిపోయింది. అద్దంలో దోషం ఉందని వేరే రెండు పరికరాలు చూపించాయి. కానీ అవి ప్రధాన పరికరమంత కచ్చితమైనవి కావు కదా అని ఆ ఫలితాలని పక్కన పెట్టారు. 1990లో పైకి పంపాక ఫొటోలు మసక. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దానికి కళ్ళజోడు లాంటిది తగిలించొచ్చారు.

మరి నేను ఇగ్నోర్ బదులు ఎక్స్‌ఫెయిల్ వాడుంటే బయటపడేదా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. మామూలు రకమైతే డౌటే, ఎందుకంటే నా టెస్టు నెలలో ఇరవైతొమ్మిది రోజులు పాసయ్యేదే. ఎక్స్‌పాస్ అని రోజూ చెప్పినా అలవాటైపోయేది. పాసయితే బిల్డునే ఆపేసే కటువు రకం కావాలి. ఆర్‌స్పెక్ 3 పెండింగ్‌ని అలా మార్చింది 2014లో. అదే ఏడు పైథాన్ 3.4 కూడా, ఫెయిలవ్వాల్సింది పాసయితే మొత్తం రన్ ఫెయిలైనట్టే అంది. పైటెస్ట్‌లో స్ట్రిక్ట్ వచ్చింది ఆ తరవాతే. అలాంటిది ఉండుంటే మర్నాడే బిల్డు ఆగేది, నేను చచ్చినట్టు ఆలోచించేవాణ్ణి.

ఇలా వస్తూ పోతూ ఉండే టెస్టులు మన ఒక్కళ్ళ గొడవ కాదు. గూగుల్లో తమ టెస్టుల్లో దాదాపు 16 శాతం ఎంతో కొంత ఈ రకమేనని 2016లో వాళ్ళే రాశారు. మార్టిన్ ఫౌలర్ 2011లో వీటిని క్వారంటీన్‌లో పెట్టమన్నాడు. అయితే ఒక షరతు, అక్కడ ఎనిమిదికి మించి ఉండకూడదు, లేదా వారానికి మించి ఉండకూడదు అని హద్దు పెట్టుకోవాలి. ఎన్‌యూనిట్ 3లో ఇగ్నోర్‌కి "ఫలానా తారీకు దాకా" అని గడువు పెట్టొచ్చు, గడువు దాటితే టెస్టు తనంతట తనే లేచి నడుస్తుంది. నా వరకూ ఇదే అన్నిటికన్నా బాగుంది. నేను రాసిన "తరవాత" కి ఒక తేదీ అడిగుంటే, ఏదో ఒక నెల రాసేవాణ్ణే.

సింగపూర్ గొడవ సద్దుమణిగాక నేనూ ఆ కుర్రాడూ కలిసి కోడంతా ఇగ్నోర్ అని గ్రెప్ కొట్టాం. నలభై పైచిలుకు వచ్చాయి. సగానికి పైగా కారణం లేదు. ఐదింటిలో నా పేరుంది. వాటిల్లో రెండు ఇగ్నోర్ తీసేసి నడిపితే చక్కగా పాసయ్యాయి, ఎప్పుడు బాగయ్యాయో ఎవరికీ తెలీదు. ఇంకొకటి అసలు కంపైలే అవ్వలేదు. మిగతా రెండూ ఎందుకు పక్కన పెట్టానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఒక శనివారం కూర్చుంటే ఒకటి తేలింది. రెండోది నేను ఆ ప్రాజెక్టు వదిలేనాటికి ఇంకా అలాగే ఉంది. కారణం దగ్గర ఆ కుర్రాడి చేత తేదీ వేయించి, నా పేరూ రాయించాను.