ముందు ల్యాబ్, తర్వాత కాలేజీ

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అదే ఏడాది, అప్పటి మధ్యప్రదేశ్‌లోనే, సాగర్ విశ్వవిద్యాలయం నేరశాస్త్రానికీ ఫోరెన్సిక్ సైన్స్‌కీ కలిపి ఒక విభాగం తెరిచింది. దేశంలో అలాంటి విభాగం అదే మొదటిది. ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి వచ్చిన కుటుంబాలకు సాగర్ సంగతి పట్టే అవసరం అప్పట్లో లేదు. ఇప్పుడు భిలాయి మరోదా సెక్టార్‌లో పన్నెండో తరగతి చదివే మనవరాలు, టీవీలో క్లూస్ టీమ్‌ను చూసి, ‘నేనూ అది చదువుతాను’ అంటే ఆ ఇంట్లో మొదటి ప్రశ్న ఒక్కటే: ఆ చదువుకు ఉద్యోగం ఉందా? జవాబు కావాలంటే ఈ వృత్తి ఎలా పుట్టిందో చూడాలి.

మన దేశంలో ఈ పనికి ముందు ల్యాబ్‌లు వచ్చాయి. కాలేజీలు నూరేళ్లు దాటాక గానీ రాలేదు.

తొలి కెమికల్ ఎగ్జామినర్ ల్యాబొరేటరీ 1849లో మద్రాసులో మొదలైంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. తర్వాత కలకత్తా 1853లో, ఆగ్రా 1864లో, బొంబాయి 1870లో వచ్చాయి. వీటి ముఖ్యమైన పని విషం పట్టుకోవడం. పాషాణం, నల్లమందు, ఉమ్మెత్త గింజలు ఆ కాలపు కేసుల్లో తరచుగా కనబడేవి. బాటసారులకు ఉమ్మెత్త కలిపిన తిండి పెట్టి, మత్తులోకి జారాక దోచుకునే ముఠాల గురించి ఆనాటి వైద్య గ్రంథాలు పేజీలకు పేజీలు రాశాయి.

పాషాణానికి అప్పట్లో పేరుమోసిన పరీక్ష మార్ష్ పరీక్ష. 1836లో ఇంగ్లండ్‌కు చెందిన జేమ్స్ మార్ష్ దాన్ని ప్రచురించాడు. అనుమానం ఉన్న పదార్థాన్ని జింకు, ఆమ్లం ఉన్న గాజు పాత్రలో వేస్తారు. పాషాణం ఉంటే అది వాయువుగా మారి సన్నని గాజు గొట్టంలోకి వెళుతుంది. గొట్టాన్ని ఒకచోట వేడిచేస్తే, ఆ కాక దాటిన చోట లోపలి గోడకు నల్లగా మెరిసే పూత పడుతుంది. దాన్ని చూసి రసాయన శాస్త్రవేత్త సంతకం పెట్టేవాడు, దాన్ని నమ్మి జడ్జి శిక్ష రాసేవాడు. ఆ సంతకం పెట్టడానికి ఫోరెన్సిక్ డిగ్రీ అక్కర్లేదు, అసలు అలాంటి డిగ్రీయే లేదు. కెమిస్ట్రీ గట్టిగా వచ్చుండాలి, కోర్టులో అడ్డు ప్రశ్నలకు తడబడకూడదు.

చట్టంలో ఆ పాత కాలం ఇప్పటికీ కనబడుతుంది. ఏ ప్రభుత్వ నిపుణుల రిపోర్టును సాక్ష్యంగా తీసుకోవచ్చో చెప్పే జాబితాలో, 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో కూడా, మొదటి పేరు కెమికల్ ఎగ్జామినర్‌దే.

వేలిముద్రల కథ కూడా ఇంతే. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసి వెతికే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచింది గానీ, అందులో లెక్కల పని అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది. ఇద్దరూ పోలీసు శాఖ మనుషులు, పనిలోనే నేర్చుకున్నారు. ఇవాళ్టికీ వేలిముద్రల విభాగం చాలా రాష్ట్రాల్లో పోలీసు శాఖలోనే ఉంది. ఆ ఉద్యోగానికి దారి కూడా వేరుగానే ఉంటుంది.

స్వతంత్రం వచ్చాక రాష్ట్రాలు సొంత ల్యాబ్‌లు పెట్టుకున్నాయి. కలకత్తాలో 1952లో మొదటిది వచ్చింది. మధ్యప్రదేశ్ తన ల్యాబ్‌ను 1964లో సాగర్‌లో పెట్టింది. చదువు చెప్పే విభాగం, పరీక్షలు చేసే ల్యాబ్ ఒకే ఊళ్లో ఉండటం అప్పట్లో ఈ దేశంలో అరుదు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడేదాకా భిలాయికి కూడా రాష్ట్ర ల్యాబ్ సాగర్‌దే. ఆ తర్వాత రాయ్‌పూర్‌లో కొత్త రాష్ట్రానికి సొంత ల్యాబ్ వచ్చింది.

ల్యాబ్‌కు వెళ్లే సరుకు ఎలా వెళ్లాలన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. విషం అనుమానం ఉంటే పోస్టుమార్టంలో కడుపు, అందులోని పదార్థం, కాలేయంలో కొంత, మూత్రపిండాల్లో కొంత తీస్తారు. వాటిని చిక్కటి ఉప్పునీటిలో వేసి వెడల్పు మూతి సీసాల్లో సీలు చేస్తారు. వాడిన ఉప్పునీటిని విడిగా ఇంకో సీసాలో పంపాలి. లేకపోతే విషం శరీరంలోదా, నీటిలోదా అని డిఫెన్స్ లాయర్ అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో కేసు పోవచ్చు.

సాక్ష్యం సేకరణలో లోపాల సంగతి భిలాయికి మరో రకంగా తెలుసు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి హడ్కో కాలనీ ఇంట్లో నిద్రలోనే హత్యకు గురయ్యారు. దుర్గ్ సెషన్స్ కోర్టు 1997లో ఆరుగురిని దోషులుగా తేల్చింది. హైకోర్టు మరుసటి ఏడాది అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చిన వ్యక్తికి మాత్రం యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది. సోదాలో లోపం ఉన్నంత మాత్రాన అందులో దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టనక్కర్లేదన్న మాటకు ఈ తీర్పును న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు.

తెలుగు నేల మీద ఈ వృత్తికి కేంద్రం హైదరాబాద్. రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్, రెడ్ హిల్స్‌లో రాష్ట్ర ల్యాబ్ ఉన్నాయి. అసలు మలుపు మాత్రం పోలీసు శాఖకు సంబంధం లేని చోట వచ్చింది. 1984లో ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రను కనిపెట్టాడు. కొన్నేళ్లకే హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం, కట్లపాము జాతి మీద తాము చేసిన పరిశోధన ఆధారంగా, బీకేఎం అనే సొంత ప్రోబ్ తయారుచేసింది. దాంతో కేరళలోని తలశ్శేరిలో ఒక బిడ్డ తండ్రి ఎవరన్న వివాదం తేలింది. ఆ తర్వాత రాజీవ్ గాంధీ హత్య కేసు, ఢిల్లీ తందూర్ హత్య కేసు వచ్చాయి. 1990ల మధ్యలో ఈ పని కోసం సీడీఎఫ్‌డీ అనే కేంద్రం పుట్టింది. 2007లో గాంధీ పి.సి. కాజా హైదరాబాద్‌లో ట్రూత్ ల్యాబ్స్ పెట్టడంతో ప్రభుత్వం బయట కూడా ఈ చదువుకు తలుపు తెరుచుకుంది.

ఈ డీఎన్ఏ పరిశోధన మొదలుపెట్టినవాళ్లు జీవశాస్త్రం చదివినవాళ్లు. ఫోరెన్సిక్ పేరుతో డిగ్రీ వాళ్లకు లేదు. మరోదా విద్యార్థికి ఈ చరిత్ర చెప్పేది అదే. ల్యాబ్‌లో విభాగాలుంటాయి: టాక్సికాలజీకి కెమిస్ట్రీ, డీఎన్ఏకు బయాలజీ, బాలిస్టిక్స్‌కు ఫిజిక్స్, సైబర్‌కు కంప్యూటర్. ఉక్కు కర్మాగారం ల్యాబ్‌లో కరిగిన ఉక్కు నుంచి తీసిన నమూనాను స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి అందులో ఏ మూలకం ఎంత ఉందో చూసే ఉద్యోగికి, కారు పెయింటు రేకును పరీక్షించే ఫోరెన్సిక్ ఉద్యోగి పని కొత్తగా అనిపించదు. సైంటిఫిక్ ఆఫీసర్ నోటిఫికేషన్లలో చాలాసార్లు ఈ మూల సబ్జెక్టులనే అడుగుతారు. పోస్టుమార్టం చేయాలంటే మాత్రం దారి వేరు: ఎంబీబీఎస్, ఆపైన ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ.

చదువుకు చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. బిలాస్‌పూర్‌లో గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫోరెన్సిక్ సైన్స్ విభాగం ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా ఎమ్మెస్సీ నడుపుతోంది. గుజరాత్‌లో మొదలై 2020లో జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయమైన ఎన్ఎఫ్ఎస్‌యూ క్యాంపస్‌కు 2025 జూన్‌లో నవా రాయ్‌పూర్‌లో శంకుస్థాపన జరిగింది. బోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు యూజీసీ నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ఒక సబ్జెక్టు.

చేరేముందు కాలేజీని మూడు విషయాలు అడగాలి: సొంత ల్యాబ్ ఉందా, రాష్ట్ర ల్యాబ్‌లో శిక్షణకు పంపుతారా, బీఎస్సీలో కెమిస్ట్రీ గానీ బయాలజీ గానీ పూర్తి సబ్జెక్టుగా ఉంటుందా. మూడోదానికి ‘లేదు’ అంటే ఆ డిగ్రీ వదిలేయడం మంచిది. మామూలు బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీలో ఫోరెన్సిక్ తీసుకోవచ్చు.

ఇక ఉద్యోగాల మాట. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరం ఏదైనా సరే, ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లాల్సిందేనని కొత్త సంహితలో 176(3) సెక్షన్ చెబుతోంది. ఏర్పాట్లు చేసుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చారు. సంహిత అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. ఆ ఏడాది పన్నెండో తరగతి పాసై బీఎస్సీలో చేరిన విద్యార్థి ఎమ్మెస్సీ పట్టాతో బయటికి వచ్చేది 2029లో, సరిగ్గా ఆ గడువు ముగిసే ఏడాది.