అయిదెకరాల కాఫీ

అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని మా ఊరు అల్ఫారెట్టాలో కాఫీ తాగేవాళ్ళకు కొదవ లేదు. పొద్దున్నే ఏ కాఫీ షాపు ముందు చూసినా కార్ల బారే. మన ఇళ్ళలోనైతే స్టీలు ఫిల్టరు, ఇండియన్ స్టోర్‌లో కొన్న చికోరీ పొడి. మొక్క మాత్రం జార్జియా చలికి బతకదు. అమెరికాలోని 50 రాష్ట్రాల్లో కాఫీని చెప్పుకోదగ్గంత పండించేది హవాయి ఒక్కటే. అందుకే కాఫీ తోట చూపిస్తామని పిల్లలను పసిఫిక్ సముద్రం మధ్యకు తీసుకెళ్ళాల్సి వచ్చింది.

హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదానికి పడమటి వైపు కోనా. అగ్నిపర్వతాల వాలు మీద సుమారు 30 మైళ్ళ పొడవు, రెండు మైళ్ళ వెడల్పున్న పట్టీలో కాఫీ పండుతుంది. పొద్దున ఎండ, మధ్యాహ్నమయ్యేసరికి మబ్బు. ఆ మబ్బే చెట్లకు నీడ. మేం చూసిన తోట జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబానిది. తోటంతా తిప్పి చూపించింది ఆ ఇంటాయనే. కాళ్ళ కింద మట్టికన్నా లావా రాళ్ళే ఎక్కువ, నాగలి దిగే నేల కాదు. ఆయన ఎర్రటి పండొకటి కోసి వేళ్ళతో నొక్కితే, జిగురు పట్టిన రెండు గింజలు జారి అరచేతిలో పడ్డాయి. ఆ జిగురు తియ్యగా ఉంది, కాఫీ వాసన జాడే లేదు. ఇలాంటి పండ్లు ఏడు పౌన్లు కోస్తే వేయించిన గింజ ఒక్క పౌను వస్తుంది. కొమ్మకు ఉన్నవన్నీ ఒకేసారి పండవు కాబట్టి కోత చేత్తోనే, మళ్ళీ మళ్ళీ. గింజలు ఆరబెట్టే అరుగు పేరు హోషిదానా. దాని కప్పుకు కింద చక్రాలు, పట్టాలు. వాన మొదలైతే ఎవరో ఒకరు పరుగెత్తి కప్పును గింజల మీదికి నెట్టాలి. మావాడికి టూరంతటిలో నచ్చింది అదొక్కటే.

నాకు పట్టుకున్నది వేరే ప్రశ్న. చక్కెరకూ అనాసకూ వేల ఎకరాల తోటలు వెలిసిన హవాయిలో, కాఫీ ఒక్కటే చిన్న కుటుంబాల చేతికి ఎలా వచ్చింది?

1828లో శామ్యూల్ రగుల్స్ అనే మిషనరీ కోనాలో మొదటి కాఫీ మొక్కలు నాటాడు. అప్పటికి హవాయి సొంత రాజ్యం. భూమి రాజుదీ దొరలదీ. సాగుచేసుకునే హక్కు జనానిది. అమ్మకం కొనుగోలు అన్న మాటే లేదు. 1848లో భూమిని పంచి పట్టాలిచ్చారు. 1850లో విదేశీయులు కూడా కొనుక్కోవచ్చని చట్టం చేశారు. ఆ తర్వాత కథ ఊహించడం కష్టం కాదు. 1893లో చక్కెర దొరల వర్గం లిలియుఒకలాని రాణిని గద్దె దింపింది. ఆ సమయానికి అమెరికా యుద్ధనౌక నుంచి సైనికులు ఒడ్డుకు దిగి ఉన్నారు. 1898లో అమెరికా ఆ దీవులను కలిపేసుకుంది. 1993లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి క్షమాపణ చెప్పింది. భూమి సంగతి అందులో తేల్చలేదు.

కాఫీ దొరలూ పెద్ద తోటలే వేశారు. 1899లో ప్రపంచమంతటా కాఫీ ధర కూలింది. నష్టాలు భరించలేక వాళ్ళు తోటలను అయిదేసి ఎకరాల చొప్పున ముక్కలు చేసి, అందులో పనిచేసే కూలీలకే కౌలుకిచ్చారు. కౌలుదార్లలో ఎక్కువమంది జపాన్ వాళ్ళు, 1885 నుంచి చక్కెర తోటల్లో ఒప్పంద కూలీలుగా వచ్చినవాళ్ళు. కొందరు ఒప్పందం తీరకుండానే పారిపోయి, పేరు మార్చుకుని కోనా చేరారట. అంటే టూరు బ్రోచర్లు అందంగా రాసే ‘కుటుంబ సేద్యం’ పుట్టింది దొరలకు గిట్టుబాటు కాకపోవడం వల్ల. చెప్పుకోవడానికి ఇది అంత ముచ్చటగా ఉండదు మరి.

కౌలు దొరికినంత మాత్రాన బతుకు తేలిక కాలేదు. బియ్యం, ఎరువు దుకాణంలో అప్పుకి తెచ్చుకోవాలి, పంట ఆ దుకాణానికే పోయాలి. మన పల్లెల్లో ఎరువుల షాపు ఖాతా తెలిసినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కూలీలను పెట్టుకునే స్తోమత లేక ఇంటిల్లిపాదీ కోతకు దిగేవారు. కోనా బడులు చివరికి వేసవి సెలవులను కోత కాలానికి జరిపాయి. ఆ పద్ధతి 1969 దాకా నడిచింది.

మా జార్జియా పత్తి చేలదీ ఇలాంటి అప్పుల కథే. అయితే మేం ఉంటున్న నేల అంతకు ముందే చేతులు మారింది. 1832లో చెరోకీ ఆదివాసుల భూమిని జార్జియా ప్రభుత్వం లాటరీ తీసి తెల్లవాళ్ళకు పంచింది. 1838లో చెరోకీలను సైన్యంతో పడమటికి తోలేశారు. 1858లో అల్ఫారెట్టా ఊరుగా నమోదైంది. ఇళ్ళు కొన్న మనవాళ్ళు స్కూళ్ళ ర్యాంకులు ఆరా తీస్తారు గానీ ఇది అడిగినవాళ్ళను నేను చూడలేదు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఇక్కడ అందరం గర్వంగా వాట్సాప్‌లో పంచుకున్నాం. గర్వపడాల్సింది 1/70 చట్టం గురించి కూడా. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో కట్టుదిట్టం చేసింది కాబట్టే, ఎన్ని కంతలున్నా, అక్కడి కాఫీ ఇంకా గిరిజన రైతుల చేతిలో ఉంది. 1850 నాటి హవాయి దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నడిచింది.

కోనా రైతుకు ఇప్పుడు పేరే ఆస్తి, పేరే తలనొప్పి. 1991 నుంచి పదో వంతు కోనా గింజ ఉంటే చాలు, సంచి మీద ‘కోనా బ్లెండ్’ అని రాసుకోవచ్చు. మిగతా తొమ్మిది వంతులూ ఎక్కడివైనా సరే. 2027 జూలై నుంచి అది 51 శాతం ఉండాలని 2024లో చట్టం చేశారు. ఇక 2010లో గింజ తొలిచే పురుగు, 2020లో ఆకు తెగులు వచ్చిపడ్డాయి.

టూరు చివర్లో, ఈ భూమి మీ సొంతమా అని తోట చూపించినాయనను అడిగాను. కౌలుదేనట. కోనాలో చాలా తోటలకు యజమాని కమెహమెహా స్కూల్స్ అనే ట్రస్టు. 1884లో చనిపోయిన రాజకుమారి బర్నీస్ పవాహి బిషప్ తన భూముల్లో ఎక్కువ భాగం హవాయి పిల్లల చదువుకని వీలునామా రాసింది. ఆ తోటల కౌలు డబ్బు నేటికీ ఆ బడులకే వెళ్తుంది.