చరిత్ర మాస్టారికి సవర భాషతో ఏం పని?



మొన్న హాస్టల్లో చరిత్ర పుస్తకం చదువుతుంటే రూమ్మేట్ అడిగాడు, "నీది బీకాం కదరా, ఇది పరీక్షలో వస్తుందా?" అని. రాదు. కానీ అందులో మా సవరోళ్ల సంగతి ఒకటి దొరికింది, అందుకే ఈ పోస్టు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని కాలేజీలో ఒక ఫొటోకి దండ వేస్తారు. ఆయనే గిడుగు రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాష గురించి గంటసేపు మాట్లాడతారు. సవర గురించి ఒక్క ముక్కతో సరి.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. బడిలో చెప్పేది చరిత్ర. ముఖలింగం గుడిలో ఉన్న పాత శాసనాల్ని సొంతంగా కష్టపడి చదవడం నేర్చుకున్నారు. సరే, చరిత్ర మాస్టారు కాబట్టి శాసనాలు అనుకుందాం. మరి కొండల మీద సవరలు మాట్లాడే భాష ఎందుకు? అది ఆయన సబ్జెక్టూ కాదు, ఏ పరీక్షకీ పనికిరాదు.

తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. నేను ఇక్కడే ఆగిపోయా. చదివిన చోటల్లా పంతులు గారు "నేర్చుకున్నారు" అనే ఉంది. నేర్పింది మనోడే కదా! ఆ ఇంట్లో మాస్టారు ఎవరు, స్టూడెంట్ ఎవరు?

సవర తెలుగుకి చుట్టం కాదు. ముండా కుటుంబం, సంతాలీ, ముండారీల వైపు. మా మాటల్లో కొన్నిచోట్ల గొంతులో గాలి టక్కున ఆగుతుంది. దానికి తెలుగులో అక్షరమే లేదు. నోటి మాట విని రాసుకోవడమే దారి. ఆయన అలా రాసుకుంటూనే సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే, దాంతో బడి పెట్టండి అన్నారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకి 75 దగ్గర.

ఈ మధ్యలోనే, 1907 ప్రాంతంలో, యేట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు అడిగాడంట, జనం మాట్లాడే తెలుగు వేరు, పుస్తకాల తెలుగు వేరు ఎందుకని. నాకనిపించేది చెప్తా. ఏళ్ల తరబడి సవరోళ్ల నోటి నుంచి భాష రాసుకున్న మనిషికి ఆ ప్రశ్న కొత్తగా ఉండదు. రాతే లేని భాషకి కూడా ఒక పద్ధతి ఉంటుందని ఆయన అప్పటికే చెవులారా విన్నారు. జనం మాట తప్పుల మాట అని గ్రాంథికం వాళ్లు అంటే ఇక ఎలా ఒప్పుకుంటారు? ఈ రోజు మనం పరీక్షలో మామూలు తెలుగులో రాస్తున్నామంటే అందులో మా కొండల వాటా కూడా ఉంది. ఆగస్టు 29న స్టేజీ మీద ఆ మాట ఎవరన్నా అంటే బాగుండు.

మా అమ్మమ్మకి చదువు రాదు. ఆ గొంతులో ఆగే మాటలు ఆమె అన్నట్టు నాకు రావు, హాస్టళ్లలో పెరిగినోణ్ని. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆమె చెప్తుంటే రాసుకుందామని 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నా. రూమ్మేట్ అది అకౌంట్స్‌కి అనుకుంటున్నాడు.