కారులో చల్లగాలి: ఒక మీట చరిత్ర

మొన్నటి వైశాఖమున ధ్వనిముద్రణకై రెంటచింతల వైపు అద్దెకారులో పోవుచుంటిమి. చల్లగాలి మీటను మొదటి మెట్టున నుంచిన గాలి లేదు. రెండవ మెట్టున లేదు, మూడవ మెట్టునను లేదు. నాలుగవ దానికి త్రిప్పగనే చల్లనిగాలి హోరుమని మొగమున కొట్టెను. "గ్యాసు అయిపోయిందండీ, నింపించాలి" అని డ్రైవరు తేల్చెను. గ్యాసు లేనిచో నాలుగవ మెట్టున మాత్రము ఆ చలువ ఎక్కడనుండి వచ్చినది? ఇది తెలియవలెనన్న ఎనుబది యేండ్లకు పైగా వెనుకకు పోవలెను.

అమెరికాలో ప్యాకార్డు కంపెనీవారు 1939లో ప్రకటించి, 1940 నమూనా కారులకు తొలిసారిగా కర్మాగారముననే శీతలయంత్రమును అమర్చి యిచ్చిరి. కారు వెల గాక దీనికి 274 డాలర్లు. యంత్రమును తయారుచేసినది క్లీవ్‌లాండు నగరములోని బిషప్ అండ్ బాబ్‌కాక్ కంపెనీ. గాలిని చల్లబరచు గొట్టపుచుట్ట వెనుక సీటుకు ఆవల నుండెడిది. సామానుపెట్టెలో సగము చోటు దానికే సరిపోయెడిది. కంప్రెసరు మాత్రము ముందు ఇంజను చెంత.

విచిత్రమేమనగా, ఆ కంప్రెసరును ఆపు సాధనమే లేదు. ఇంజను తిరిగినంతసేపు అదియు తిరుగును. దానిని ఆపవలెనన్న ఇంజను ఆపి, క్రిందికి దిగి, మూత యెత్తి, బెల్టును ఊడదీయవలెను. ఉష్ణోగ్రతను కనిపెట్టి సర్దు ఉపకరణమును లేదు. యజమాని చేతిలో నున్నది ఫ్యాను మీట ఒక్కటే. గాలి హెచ్చించిన చలువ హెచ్చు, తగ్గించిన తగ్గు. అంత ధనము పోసి కొన్న దొర, శీతాకాలము రాగనే చేతులకు మసి పూసికొని బెల్టు విప్పుచుండుట ఊహించుకొనుడు! 1941 తరువాత ప్యాకార్డువారు ఈ యంత్రమును మానివేసిరి.

యుద్ధానంతరము 1953లో క్రైస్లరు, జనరల్ మోటార్సు కంపెనీలు మరల పూనుకొన్నవి. అప్పుడును స్థానము వెనుకపెట్టెయే. 1954లో న్యాష్ కంపెనీ వేడిని చలువను ఒక్క అమరికలోనికి తెచ్చి, అంతయు కారు ముందుభాగమున చేర్చెను. రిఫ్రిజరేటర్లు చేయు కెల్వినేటరుతో 1937లోనే కలిసిన సంస్థ గనుక చలువ విద్య దానికి ఇంటిలోనిదే. కంప్రెసరునకు విద్యుదయస్కాంతపు క్లచ్చి వచ్చుటచే బెల్టు విప్పు బాధ తీరెను.

ఫ్యాను భారము మాత్రము తీరలేదు. చుట్టమీదుగా గాలి వీచనిచో చలువ మనను చేరదు. పైగా చుట్టపై తేమ మంచుగా పేరుకొనును. వర్క్‌షాపులవారు ఈ ఫ్యానునే బ్లోయరందురు. మెట్లు గల మీట ఉన్న కారులలో దాని వేగమును తగ్గించునది రెసిస్టరను చిన్న తీగచుట్ట. మొదటి మెట్టున విద్యుత్తు చుట్టలన్నిటి గుండా పోయి సన్నగిల్లును. మెట్టు పెరిగినకొలది చుట్టలు తగ్గును. చివరి మెట్టున వానితో ప్రమేయమే లేక నేరుగా మోటారును చేరును. కనుక చుట్ట కాలిపోయిన, చివరి మెట్టొక్కటే మిగులును. మా కారు కథ ఇదియే. స్వయముగా ఉష్ణోగ్రత సర్దుకొను నేటి కారులలో సాధారణముగా ఈ పని ఎలక్ట్రానిక్ పరికరము చేయును. అచట ఈ గుర్తు చెల్లదు.

ఏ మెట్టునను ఫ్యాను తిరుగనిచో ఫ్యూజు, రిలే, మోటారు బ్రష్షులు చూడవలెను. చప్పుడు వినవచ్చుచు గాలి సన్నగా వచ్చిన ఫిల్టరులో దుమ్ము చేరియుండవచ్చును. గాలి నిండుగా వచ్చుచు చల్లగా లేనప్పుడు గదా గ్యాసు మాట ఎత్తవలసినది! కాలిన ఫ్యూజు స్థానమున అంతకు పెద్దది వేయు సాహసులును కలరు. అట్లు చేసిన ఫ్యూజుకు బదులు తీగలు కాలును.

రెసిస్టరు పనిచేయునపుడు వేడెక్కును గనుక దానిని ఫ్యాను గాలి దారిలోనే బిగింతురు. అనగా అది అణచు ఫ్యానే దానిని కాపాడవలెను. ఫ్యాను చక్రమునకు ఏదైన అడ్డుపడిన మోటారు హెచ్చు విద్యుత్తు లాగును, గాలియు తగ్గును. రెండువిధముల వేడి పెరిగి రెసిస్టరు కాలును. ఈ అడ్డు తీయక క్రొత్తది వేసిన అదియు కొద్దిదినములకే పోవును.

పిడుగురాళ్లలో ఒక మెకానిక్కు డ్యాష్‌బోర్డు అర ఊడదీసి, నల్లబడిన రెసిస్టరును చూపెను. తరువాత ఫ్యాను విప్పి, దాని చక్రమునుండి గుప్పెడు ఎండు వేపాకులు తీసి బానెట్టుమీద పెట్టెను. కారును నిత్యము చెట్టునీడన నిలుపుదునని డ్రైవరు ఒప్పుకొనెను. గ్యాసు సంగతి మరల ఎత్తలేదు.