హాయిల్ అమీర్లు: అతిథుల గంగాళం, దాయాదుల కత్తి

హాతింతాయి కథలు తెలుగువారికి కొత్త కాదు. ఇంటికి వచ్చిన అతిథి కోసం తన గుర్రాన్నే కోసి వండించిన దాతగా ఆయన ప్రసిద్ధుడు. ఇస్లాముకు పూర్వపు కవి అయిన ఆ హాతిం, తయ్యి తెగవాడు. ఆ తెగకు నెలవు నేటి సౌదీ అరేబియా ఉత్తర భాగంలోని అజా, సల్మా కొండలు. అజా కొండ చెంతనే హాయిల్ పట్టణం ఉంది. అతిథికి అన్నం పెట్టడం ఆ ప్రాంతంలో సుగుణంగా మొదలై, పందొమ్మిదవ శతాబ్దం నాటికి రాజ్యతంత్రంగా మారింది. రషీదీ అమీర్ల ఎనభై అయిదేళ్ల పాలనను యుద్ధాల జాబితాగా చదివితే అర్థమయ్యేది స్వల్పం. వారి వంటశాల ఎలా నడిచిందో, ఎందుకు ఆరిపోయిందో చూస్తే అసలు కథ బయటపడుతుంది.

వంశకర్త అబ్దుల్లా ఇబ్న్ రషీద్ షమ్మర్ తెగవాడు. 1834లో రియాద్ పాలకుడు తుర్కీ హత్యకు గురైనప్పుడు, ఆయన కుమారుడు ఫైసల్ తిరిగి గద్దెనెక్కడానికి అండగా నిలిచాడు. ఆ సేవకు ప్రతిఫలంగా హాయిల్ అధికారం దక్కింది. అంతవరకు పట్టణాన్ని ఏలిన ఆల్ అలీ వారు అతనికి దాయాదులే. వారిని తొలగించి గాని అతడు గద్దెనెక్కలేదు. అంటే సౌదీ వంశం చలువతో నిలబడిన ఇల్లే తరువాత సౌదీలకు ప్రబల శత్రువయింది. కొత్త వంశానికి పునాదిలోనే దాయాది వైరం పడింది.

ఇరాక్ నుండి మక్కాకు వెళ్లే యాత్రికుల బిడారులు, వారిలో పారశీకులు, హాయిల్ మీదుగా సాగేవి. దారిలో దోపిడి జరగకుండా కాపలా కాసినందుకు అమీరు రుసుము తీసుకునేవాడు. ఆ రుసుమూ, దండయాత్రల్లో చిక్కిన ఒంటెలూ ఖజానాలో మూలగలేదు. తెగల పెద్దలకు భోజనంగా, బట్టలుగా, కానుకలుగా తిరిగి వెళ్లేవి. తిన్నవాడు మరుసటి దండయాత్రకు కదిలివచ్చేవాడు. 1879లో మేలుజాతి గుర్రాలను వెదుకుతూ వచ్చిన ఆన్ బ్లంట్ దంపతులు బర్జాన్ కోటలోని వంటశాలను చూసి విస్తుపోయారు. అక్కడి గంగాళాలలో ఒంటెలను ఒంటెలుగానే ఉడికించేవారు. రోజూ వందల మంది అతిథులు. అంతకు ముందు, అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్న 1862లో, పాల్‌గ్రేవ్ అనే ఆంగ్లేయుడు సిరియా వైద్యుడి వేషంలో హాయిల్ చేరాడు. వైద్యవిద్య ఎరుగనివాడు వైద్యుడిగా చలామణి కాగలిగాడంటే రోగుల దుస్థితి ఊహించవచ్చు. అయినా ఎడారిలో అపరిచితుడికి అంతకంటే భద్రమైన ముసుగు లేదు.

ఈ వ్యవస్థలో లోపించినది ఒక్కటే, వారసత్వ నియమం. అన్న తరువాత తమ్ముడా, తండ్రి తరువాత కొడుకా అన్నది తేలలేదు. 1869లో మిత్అబ్‌ను అతని అన్న కొడుకులు చంపారు. ఆ హంతకుడైన బందర్‌ను బాబాయి ముహమ్మద్ చంపి, అన్న సంతతిలో పోటీకి రాగలవారిని ఏరివేసి గద్దెనెక్కాడు. పల్నాటి యుద్ధం తెలిసిన పాఠకులకు దాయాది పోరు వింత కాదు. అయితే పల్నాటి కథలో ఇరుపక్షాలూ కారంపూడి రణరంగంలో ఎదురుబదురుగా నిలిచాయి; హాయిల్‌లో ఆ పోరు ఒకే కోట గోడల మధ్య జరిగింది. విచిత్రం ఏమంటే, ఆ రక్తసిక్త హస్తుడే వంశంలో అందరికంటె సమర్థుడు. 1891లో ములైదా యుద్ధంలో ఖసీం సేనలను ఓడించి నజ్ద్ మొత్తానికి ఏలిక అయ్యాడు. సౌదీ వంశం కువైత్‌లో తలదాచుకుంది. 1897లో ముహమ్మద్ సహజ మరణం పొందాడు, సంతానం లేదు.

కువైత్‌లో పెరిగిన అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ 1902లో రియాద్‌ను తిరిగి పట్టుకున్నాడు. 1906లో హాయిల్ అమీరు యుద్ధంలో మరణించాడు. తరువాతి పదిహేనేళ్లలో ఆరుగురు గద్దెనెక్కారు. వారిలో మొదటి నలుగురూ బంధువుల చేతనే హతులయ్యారు. 1914లో గెర్ట్రూడ్ బెల్ వచ్చేసరికి యువ అమీరు దండయాత్రలో ఉన్నాడు. ఆమెను దాదాపు పదకొండు రోజులు కదలనివ్వలేదు. అంతఃపుర స్త్రీలు హత్యల కథలను సాధారణ విషయంలా చెప్పుకుంటూ ఉంటే ఆమె విన్నది. ఒక చేతి నుండి మరో చేతికి, ఒక భర్త నుండి మరో భర్తకు సంక్రమించిన ఆ స్త్రీల జీవితాలను గూర్చి రాజుల చరిత్రలు మౌనం వహిస్తాయి.

ఇంతలో బిడారుల రాబడి తగ్గింది. సూయజ్ కాలువ, ఆవిరి నౌకలు, 1908లో మదీనా చేరిన రైలు యాత్రికులను వేరే దారులకు మళ్లించాయి. ఇక హాయిల్‌కు మిగిలిన అండ ఉస్మానీ తురుష్కులు పంపే ధనం, తుపాకులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇబ్న్ సౌద్ ఆంగ్లేయుల పక్షాన చేరాడు. 1915 జనవరిలో జర్రాబ్ వద్ద ఇరువురి సేనలు తలపడినప్పుడు, అక్కడున్న ఆంగ్లేయ అధికారి షేక్‌స్పియర్ మరణించాడు. తరువాత రియాద్‌కు లండన్ నుండి నెలకు 5,000 పౌండ్లు అందసాగాయి. 1918లో తురుష్కులు ఓడిపోగానే హాయిల్‌కు వచ్చే ధనం ఆగింది. ఒక గంగాళం కింద నిప్పు ఆరింది, రెండవదాని కింద ఎగసింది. ఆ మరుసటి ఏడు ఇన్‌ఫ్లూయెంజా నజ్ద్‌ను ఊడ్చి, ఇబ్న్ సౌద్ పెద్దకుమారుడు తుర్కీని సైతం బలిగొన్నది గాని, ఫలితాన్ని మార్చలేదు.

1920లో అమీరు సౌద్‌ను దాయాది కాల్చి చంపాడు. ఆ దాయాదిని అమీరు బానిసలు అక్కడికక్కడే హతమార్చారు. ముట్టడి తరువాత 1921 నవంబరులో చివరి అమీరు ముహమ్మద్ ఇబ్న్ తలాల్ లొంగిపోయాడు. ఆకలితో ఉన్న పట్టణవాసులకు విజేత ఆహారం పంచాడని సౌదీ కథనాలు చెబుతాయి. అదే నిజమైతే, హాయిల్ పాఠాన్ని అతడు హాయిల్ వారికంటె బాగా నేర్చాడు. షమ్మర్లలో లొంగడానికి ఇష్టపడనివారు ఇరాక్‌కు తరలిపోయారు; మరుసటి ఏడు ఉఖైర్ ఒప్పందం గీసిన సరిహద్దు బంధువర్గాన్ని రెండు దేశాలలోకి చీల్చింది.

ఈ వంశంలోనే పుట్టిన మానవశాస్త్రవేత్త మదావీ అల్ రషీద్ 1991లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథం, యాత్రికుల రాతలతో పాటు తెగల మౌఖిక కథనాలను, కవిత్వాన్ని ఆధారంగా తీసుకున్నది. ఓడినవారి ఇంటినుండి వచ్చిన చరిత్ర కావడం దాని బలం. పాఠకుడు రెండు వైపులా జాగ్రత్తగా చదవాలి. విజేత ఆస్థాన చరిత్రలకు చూపే అనుమానాన్నే దీనికీ చూపడం న్యాయం.

బర్జాన్ కోటను కూల్చివేశారు. ఆ పేరు బజారుకు మిగిలింది. హతుడైన సౌద్ వితంతువు, షమ్మర్ ఆడపడుచు ఫహదాను ఇబ్న్ సౌద్ వివాహమాడాడు. వారి కుమారుడు అబ్దుల్లా 1960 దశకం మొదట్లో, తెగల యోధులతో కూడిన నేషనల్ గార్డ్‌కు అధిపతి అయ్యాడు. 2005లో సౌదీ అరేబియాకు రాజయ్యాడు.