పేరు తీసేసినా నిలిచిన జట్టు: అడిస్ అబాబా సెయింట్ జార్జ్ క్లబ్బు చెప్పే చరిత్ర

జీఎస్ పేపర్ 1 ప్రపంచ చరిత్రలో ఇథియోపియా మనకు రెండే చోట్ల తగులుతుంది. ఒకటి 1896 అడ్వా యుద్ధం. రెండోది 1935లో ముస్సోలినీ దండయాత్ర, నానాజాతి సమితి వైఫల్యం. నోట్సులో చెరో పాయింటు రాసుకుని ముందుకెళ్తాం. కానీ ఆక్రమణ కింద బతికిన మామూలు మనుషులు తమ ఉనికిని ఎక్కడ దాచుకున్నారు? ఈ ప్రశ్నకు ఒప్పందాల్లో జవాబు దొరకదు. ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రలో కొంత దొరుకుతుంది. అందుకే ఈ వారం వ్యాసం దాని మీద.

1. పేరు వెనక ఉన్న యుద్ధం

ముందు నేపథ్యం చూద్దాం. 1889లో చక్రవర్తి రెండో మెనెలిక్ ఇటలీతో వుచాలె ఒప్పందం చేసుకున్నాడు. అందులో 17వ అధికరణం అమ్హారిక్ ప్రతిలో ఒకలా, ఇటాలియన్ ప్రతిలో మరోలా ఉంది. విదేశీ వ్యవహారాలకు ఇటలీ సాయం తీసుకోవచ్చని ఒకటి అంటే, తీసుకుని తీరాలని రెండోది అంది. దీన్ని పట్టుకుని ఇటలీ ఇథియోపియాను తన రక్షిత రాజ్యంగా ప్రకటించుకుంది. ఆ గొడవ ముదిరి 1896 మార్చి 1న అడ్వాలో తేలింది. ఇటలీ చిత్తుగా ఓడింది.

ఇథియోపియా క్యాలెండర్‌లో ప్రతి నెలా 23వ తేదీ సెయింట్ జార్జ్‌కు చెందిన రోజు. అడ్వా విజయం ఎకాటిట్ నెల 23న వచ్చింది. ఆయన పవిత్ర ఫలకాన్ని యుద్ధభూమికి తీసుకెళ్లారని అక్కడి సంప్రదాయం చెబుతుంది. తర్వాత ఆ విజయానికి గుర్తుగా అడిస్ అబాబాలోని అరడా ప్రాంతంలో సెయింట్ జార్జ్ కెథడ్రల్ కట్టారు. 1930లో హైలే సెలాసీ పట్టాభిషేకం జరిగింది అక్కడే.

ఇప్పుడు రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1935 అక్టోబర్ 3న ఇటలీ సైన్యం ఇథియోపియాలోకి అడుగుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో అరడా కుర్రాళ్లు ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. దానికి పెట్టిన పేరు సెయింట్ జార్జ్, అమ్హారిక్‌లో కిదుస్ గియోర్గిస్. ఇటలీ మళ్లీ మీదికొస్తున్న నెలల్లో, ఇటలీని ఓడించిన రోజుతో ముడిపడ్డ పేరు అది. ఆ పేరు వింటే అడిస్ అబాబా వాసికి ఏం గుర్తొస్తుందో విడిగా చెప్పక్కర్లేదు.

2. ఆక్రమణ కింద ఆట

1936 మే 5న అడిస్ అబాబా ఇటలీ చేతికి చిక్కింది. జూన్ 30న జెనీవాలో హైలే సెలాసీ నానాజాతి సమితి ముందు నిలబడి న్యాయం అడిగాడు. సమితి విన్నది, అంతకుమించి చేసిందేమీ లేదు. 1937 ఫిబ్రవరిలో వైస్రాయ్ గ్రాజియానీపై హత్యాయత్నం జరిగింది. ఆ తర్వాత రాజధానిలో వేల మందిని ఊచకోత కోశారు. సెయింట్ జార్జ్ కెథడ్రల్‌కు కూడా నిప్పు పెట్టారు.

ఫుట్‌బాల్ మైదానం దగ్గర వలస పాలన వేరే పద్ధతి పట్టింది. ఆటను ఆపలేదు, విడగొట్టింది. ఇటాలియన్లకు ఒక పోటీ, స్థానికులకు మరో పోటీ పెట్టింది. సెయింట్ జార్జ్ పేరు చెల్లదంది. జట్టు ‘లిట్టోరియో వుబె సెఫెర్’ పేరుతో ఆడాల్సి వచ్చింది. లిట్టోరియో అనేది ఫాసిస్టు చిహ్నం నుంచి వచ్చిన మాట. వుబె సెఫెర్ నగరంలో ఒక పేట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. వలస పాలన అంటే మనకు పన్నులు, చట్టాలు, రైల్వేలు గుర్తొస్తాయి. ఒక పేట కుర్రాళ్ల జట్టు పేరు మార్చాల్సిన అవసరం ఓ సామ్రాజ్యానికి ఎందుకొచ్చింది? జనం ఏ మాట చుట్టూ పోగవుతారో పాలకులకు తెలుసు కాబట్టి. ఈ ఒక్క ఉదాహరణతో సాంస్కృతిక ఆధిపత్యం అనే మాటను మెయిన్స్ జవాబులో బరువుగా నిలబెట్టవచ్చు.

3. 1944: లీగ్‌లో కనిపించే నగరం

1941లో ఇథియోపియా విముక్తమైంది. ఆ యుద్ధంలో మన వాళ్ల పాత్ర కూడా ఉంది. ఎరిత్రియాలోని కెరెన్ దగ్గర 4వ, 5వ ఇండియన్ డివిజన్లు పోరాడాయి. చక్రవర్తి మే 5న, అంటే నగరం పడిపోయిన సరిగ్గా ఐదేళ్లకు, తిరిగి రాజధానిలో అడుగుపెట్టాడు. క్లబ్బుకు దాని పేరు తిరిగొచ్చింది.

1944లో జరిగిన తొలి లీగ్‌లో ఐదు జట్లు ఆడాయి. ఇథియోపియన్లది సెయింట్ జార్జ్, ఇటాలియన్లది ఫోర్టిట్యూడో, ఆర్మేనియన్లది అరారత్, గ్రీకులది ఒలింపియాకోస్. ఐదోది బ్రిటిష్ సైనిక మిషన్ జట్టు. గెలిచింది బ్రిటిష్ జట్టే. స్వదేశంలో జరిగిన లీగ్‌లో స్వదేశీయుల జట్టు ఒక్కటే! అప్పటి అడిస్ అబాబా సమాజం ఎలా ఉండేదో ఆ జాబితా చెప్పేస్తుంది. సెయింట్ జార్జ్ తొలి టైటిల్ 1950లో వచ్చింది.

4. ఆటగాడి నుంచి ఖండ నాయకుడి దాకా

ఈ క్లబ్బు నుంచి వచ్చిన ఒక పేరు గుర్తుపెట్టుకోండి: యిద్నెకాచెవ్ తెస్సెమా. సెయింట్ జార్జ్‌కు రెండు దశాబ్దాలకు పైగా ఆడాడు. ఫుట్‌బాల్ నిబంధనలను అమ్హారిక్‌లోకి తెచ్చాడు. 1957లో ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పాటులో పాలుపంచుకున్నాడు. అదే ఏడాది తొలి ఆఫ్రికా కప్‌లో ఈజిప్ట్, సూడాన్, ఇథియోపియా మాత్రమే ఆడాయి. నల్లవారిని, తెల్లవారిని కలిపి ఒకే జట్టుగా పంపడానికి ఒప్పుకోని దక్షిణాఫ్రికాకు చోటు దక్కలేదు. 1972 నుంచి 1987లో చనిపోయే వరకు తెస్సెమా సమాఖ్య అధ్యక్షుడిగా ఉన్నాడు. దక్షిణాఫ్రికా 1976లో ఫిఫా నుంచి బహిష్కరణకు గురవడం వెనక ఆఫ్రికా దేశాల పట్టుదల ఉంది. అందులో ఆయన గొంతు ముఖ్యమైనది.

1962 జనవరిలో ఆఫ్రికా కప్ అడిస్ అబాబాలో జరిగింది. తెస్సెమా శిక్షణలో ఇథియోపియా ఫైనల్లో ఈజిప్ట్‌ను అదనపు సమయంలో 4-2తో ఓడించింది. చివరి గోల్ సెయింట్ జార్జ్ ఆటగాడు మెంగిస్తు వొర్కుది. మరి కప్పు అందుకున్న కెప్టెన్ ఎవరు? లూచానో వసాలో. ఆయన తల్లి ఎరిత్రియా స్త్రీ, తండ్రి ఇటాలియన్ సైనికుడు. ఒకప్పుడు జాతుల వారీగా విడగొట్టిన మైదానంలో ఇథియోపియా గెలిచిన అతిపెద్ద కప్పు అలాంటి మనిషి చేతికి వచ్చింది. జాతీయవాదం అంటే రక్తం అని ఎవరైనా రాస్తే ఈ ఉదాహరణ చూపించండి.

అదే 1962లో మన దేశం జకార్తా ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచింది. కోచ్ మన హైదరాబాద్ వాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. రెండు దేశాలూ ఆ ఎత్తును మళ్లీ అందుకోలేదు.

5. రెండోసారి పేరు పోయింది

1974లో సైనిక మండలి దెర్గ్ చక్రవర్తిని గద్దె దించింది. సోషలిస్టు పాలనలో సంస్థలు ప్రభుత్వపరమయ్యాయి. రాచరికంతో, చర్చితో ముడిపడ్డ సాధువు పేరుకు అక్కడ చోటు లేదు. క్లబ్బు ‘బ్రూవరీ’ జట్టుగా, అంటే బీరు ఫ్యాక్టరీ పేరుతో ఆడింది. దెర్గ్ 1991లో కూలాక పాత పేరు స్థిరపడింది.

మొదటిసారి పేరు తీసింది విదేశీ ఫాసిస్టులు. రెండోసారి తీసింది స్వదేశీ విప్లవకారులు. సిద్ధాంతాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు. చేసిన పని మాత్రం ఒక్కటే. రెండుసార్లూ పేరును దాచి ఉంచింది ఏ కార్యాలయమూ కాదు. గ్యాలరీలో కూర్చున్న జనం తండ్రి నుంచి కొడుక్కి అందించారు.

6. అభిమానులు, వాళ్ల ఇప్పటి కష్టం

పసుపు, ముదురు ఎరుపు రంగుల ఈ జట్టుకు నగరంలోనే గట్టి పోటీదారు ఉంది. అది 1976లో పుట్టిన ఇథియోపియన్ కాఫీ క్లబ్బు, అక్కడి వాళ్లకు ‘బునా’. ఈ రెండింటి పోరును నగరం ముద్దుపేరుతో షెగర్ డెర్బీ అంటారు. 1997-98లో మొదలైన ప్రీమియర్ లీగ్‌లో సెయింట్ జార్జ్ 2022-23 నాటికి 16 టైటిళ్లు గెలిచింది. 2017లో ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకూ చేరింది.

అయితే 2020-21 నుంచి లీగ్ తీరు మారింది. ఎవరి సొంత ఊళ్లో వాళ్లు ఆడే పద్ధతి పోయి, జట్లన్నీ ఒక నగరంలో కొన్ని వారాలు, మరో నగరంలో కొన్ని వారాలు ఆడుతున్నాయి. హవాసాలోనో, దిరె దావాలోనో మ్యాచ్ ఉంటే అడిస్ అబాబా అభిమాని వందల కిలోమీటర్లు పోవాలి, లేదా టీవీ ముందు కూర్చోవాలి. ఫాసిస్టులకూ దెర్గ్‌కూ లొంగని గ్యాలరీని షెడ్యూలు ఖాళీ చేసింది.

7. జాగ్రత్త పడాల్సిన చోటు

ఈ కథను ఒక్క వైపు నుంచే రాస్తే మార్కులు పోతాయి. సెయింట్ జార్జ్ ఆర్థడాక్స్ క్రైస్తవ సాధువు, చక్రవర్తుల ఆరాధ్యుడు. 2007 జనాభా లెక్కల ప్రకారం ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులు 43.5 శాతం, ముస్లింలు 33.9 శాతం. రాజధాని జాతీయ చిహ్నంగా భావించేది మిగతా ప్రాంతాలకు కేంద్రం పెత్తనంగా కనిపించవచ్చు. తర్వాతి కాలంలో ప్రాంతీయ క్లబ్బులు బలపడ్డాయి. 2018-19 లీగ్ గెలిచింది టిగ్రేకు చెందిన మెకెలె 70 ఎండెర్తా. 2020లో అక్కడ యుద్ధం మొదలయ్యాక టిగ్రే జట్లు లీగ్‌కే దూరమయ్యాయి. జనాన్ని కలిపే మైదానంలోనే దేశంలోని చీలిక కూడా కనిపిస్తుంది.

1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన సంగతి మీకు తెలుసు. దానితో పోల్చి రాయండి, కానీ తేడా కూడా చెప్పండి. బగాన్ కథకు కేంద్రం ఒక గెలుపు. సెయింట్ జార్జ్ కథకు కేంద్రం ఒక పేరు. గెలుపు ఒక్క రోజులో వస్తుంది. పేరును నిలుపుకోవడానికి తరాలు పడుతుంది, అది చేసేది జనమే.

సాధన ప్రశ్న: వలస పాలనలోనూ, ఆ తర్వాతి నియంతృత్వ పాలనలోనూ క్రీడా సంస్థలు సామూహిక జ్ఞాపకాన్ని ఎలా కాపాడాయి? వాటి పరిమితులేమిటి? ఆఫ్రికా, భారత్‌ల ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)

రాసి చూడండి. మొదటి వాక్యంలో అడ్వా రావాలి, చివరి పేరాలో మెకెలె రావాలి. మధ్యలో ఉండాల్సింది మీకిప్పుడు తెలుసు.